పరిశ్రమల రహస్యములు – చట్టపు కావలి

అనంతపురము జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దునకు చేరువగా, గుమ్మఘట్ట అను మండల కేంద్రమున్నది. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లానుండి విడివడి అనంతపురము జిల్లాలో చేరిన రాయదుర్గము తాలూకాలోనిది ఈ ప్రాంతము. వేదవతీ నదిపై కట్టిన భైరవానితిప్ప జలాశయము ఇక్కడనే ఉన్నది. ఆనకట్ట ఉన్నను నీటికి ఎదురుచూపులు తప్పవు. వానను నమ్మి వేరుసెనగ విత్తుట, వాన మొగము చాటుచేసిన ఏడు బెంగుళూరుకో మరొక పట్టణమునకో పనికి పోవుట ఇచ్చటి కుటుంబములకు కొత్త సంగతులు కావు.

కనుక ఈనాడు ఇచ్చటి ఉన్నత పాఠశాలలో పాఠము వినుచున్న విద్యార్థి రేపు ఏదో ఒక కర్మాగారములోనో, మందుల కంపెనీలోనో, కంప్యూటరు సంస్థలోనో ఉద్యోగము చేయవచ్చును. ఉద్యోగములో చేరిన తొలినాడు అతనిచేత సంతకము పెట్టించు కాగితములలో ఒకటి ఇట్లుండును: పనిలో తెలిసికొన్న రహస్యములను ఇతరులకు చెప్పరాదు, చెప్పినచో చట్టరీత్యా చర్య తీసికొనబడును. చాలమంది ఆ కాగితమును చదువకయే సంతకము చేయుదురు.

ఆ కాగితము వెనుక నున్న చట్టములు ఇటీవల ప్రపంచమంతట కఠినమగుచున్నవి. ఉదాహరణమునకు దూరము పోనక్కరలేదు. ఉమ్మడి అనంతపురము జిల్లాలోని పెనుకొండ దగ్గర, ఎర్రమంచిలో, దక్షిణ కొరియాకు చెందిన కియా కంపెనీ 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభించినది. (ఆ ప్రాంతము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది.) ఆ కొరియా దేశమే పారిశ్రామిక విజ్ఞానము బయటికి పొక్కకుండ ప్రత్యేక చట్టము చేసిన దేశములలో ముఖ్యమైనది. 2007లో అమలునకు వచ్చిన ఆ చట్టమును పలుమార్లు బిగించిరి. దేశమునకు కీలకమని ప్రభుత్వము ప్రకటించిన విజ్ఞానమును విదేశములకు చేరవేసిన వానికి మూడు సంవత్సరములకు తక్కువకాని ఖైదు విధింపవచ్చును. 2025 జూలై నుండి జరిమానా గరిష్ఠ పరిమితిని 150 కోట్ల వోన్ల నుండి 650 కోట్ల వోన్లకు పెంచిరి. బుద్ధిపూర్వకముగా చేసిన నష్టమునకు అయిదు రెట్లవరకు పరిహారము చెల్లింపుమని న్యాయస్థానము ఆజ్ఞాపింపవచ్చును.

శిక్ష పెంచినచో రహస్యము నిలుచునా? ఎవరి రహస్యమును ఎవరి నుండి కాపాడుటకు ఈ శిక్ష? ఈ ప్రశ్నలకు చరిత్ర ఏమి చెప్పునో, అందులోను తెలుగుదేశపు చరిత్ర ఏమి చెప్పునో, పరిశీలింతము.

రహస్యమునకు లక్షణములు

పేటెంటునకును, వ్యాపార రహస్యమునకును గల భేదమును మొదట గ్రహింపవలెను. పేటెంటు అనగా ఒక ఒప్పందము. కొత్త సాధనమునో పద్ధతినో కనుగొన్నవాడు దానిని పూర్తిగా వివరించి వ్రాసి ప్రభుత్వమునకు సమర్పించును. ప్రభుత్వము దానిని ప్రకటించును. అందుకు బదులుగా కొంతకాలము, మన దేశములో 20 సంవత్సరములు, దానిని ఇతరులు వాడుకొనకుండ నిరోధించు హక్కు అతనికి లభించును. గడువు తీరిన పిదప ఆ విజ్ఞానము అందరిది.

వ్యాపార రహస్యము ఇందుకు పూర్తిగా విరుద్ధము. దానిని ఎవరికిని చెప్పరు. ఎచ్చటను నమోదు చేయరు. దాచగలిగినంత కాలము అది దాచినవానిదే. 1995లో అమలునకు వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందము దీనికి మూడు లక్షణములు చెప్పినది. ఒకటి, ఆ సంగతి ఆ రంగములోనివారికి సాధారణముగా తెలియనిదై యుండవలెను. రెండు, తెలియకపోవుటచేతనే దానికి విలువ యుండవలెను. మూడు, దానిని దాచుటకు యజమాని తగిన జాగ్రత్తలు తీసికొని యుండవలెను. వీథిలో పారవేసిన కాగితము రహస్యము కాదు.

ఇంకొక భేదము ముఖ్యమైనది. వేరొకడు తన సొంత బుద్ధితో ఆ పద్ధతినే కనుగొన్నచో, లేక అంగడిలో కొన్న వస్తువును విప్పి చూచి గ్రహించినచో, రహస్యపు యజమాని అతనిని ఏమియు చేయలేడు. చట్టము పట్టుకొనునది తెలిసికొన్నవానిని కాదు, నమ్మకమును వమ్ముచేసి లేక దొంగతనముగా తెలిసికొన్నవానిని. ఈ గీత స్పష్టముగా నున్నంతకాలము శిక్ష న్యాయముగా నుండును. గీత చెదరినచోట చిక్కులు పుట్టును.

కాపలాలు – పలాయనములు

ఐరోపాలో ఇటువంటి కాపలాకు వెనిస్ నగరము ప్రసిద్ధి. 1291లో ఆ నగర ప్రభుత్వము గాజుబట్టీలను ప్రక్కనున్న మురానో దీవికి తరలింపించినది. నగరములో అగ్నిప్రమాదములు జరుగకుండుటకే అది చేసిరి. కాని పనివారందరు ఒక దీవిలో చేరుటచేత రహస్యమును కాయుటయు సులభమైనది. గాజు పనివారికి గౌరవమర్యాదలు లభించినవి. అయితే దేశము విడిచి పోవుటకు మాత్రము అనుమతి లేకుండెను. పోయినవారికి శిక్షలు ఏర్పరచిరి. అంత కట్టడి ఉండియు, ఫ్రాన్సు మంత్రి కోల్బేరు ధనాశ చూపి మురానో పనివారిని కొందరిని పారిసునకు రప్పించెను. 1665లో అచ్చట అద్దముల పరిశ్రమ ప్రారంభమైనది. వెర్సాయి రాజభవనములోని అద్దముల మందిరమునకు అద్దములు ఫ్రాన్సులోనే తయారైనవి.

ఇంగ్లండు 1719లో తన చేతిపనివారిని విదేశములకు ఆకర్షించుట నేరమని చట్టము చేసినది. తరువాత నేతయంత్రములను, వాటి నమూనాలను ఓడ యెక్కించుటయు నిషేధించినది. 1789లో సామ్యూల్ స్లేటరు అను యువకుడు అమెరికాకు ఓడ యెక్కెను. అతడు ఆర్క్‌రైటు నూలుయంత్రములు నడచు మిల్లులో పని నేర్చినవాడు. అతని పెట్టెలో పటములు లేవు, నమూనాలు లేవు. ఉన్నదంతయు తలలోనే. అమెరికాలోని పాటకెట్టులో అతడు యంత్రములను తిరిగి నిర్మించెను. అమెరికనులు అతనిని తమ దేశపు వస్త్రపరిశ్రమకు మూలపురుషుడని గౌరవించిరి. ఇంగ్లండులో అతనిని ద్రోహి అనిరి. చేతిపనివారి వలసపై నిషేధమును ఇంగ్లండు 1824లోను, యంత్రముల ఎగుమతిపై నిషేధమును 1843లోను తొలగించినది.

పై రెండు ఉదాహరణములలోను రహస్యమును దాటించినది కాగితము కాదు, మనుష్యుడు. పెట్టెలు సోదా చేయవచ్చును. తల సోదా చేయుటకు సాధ్యము కాదు.

చిరివేరు కథ

ఇక మన దేశమునకు వత్తము. పదిహేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో మచిలీపట్టణము, నిజాంపట్టణము మొదలగు రేవులనుండి అద్దకపు గుడ్డలు పారశీక దేశమునకు, తూర్పు దీవులకు, ఐరోపాకు ఎగుమతి అగుచుండెను. వాటిలో అందరిని ఆశ్చర్యపరచినది ఎరుపు రంగు. ఎన్ని ఉతుకులు ఉతికినను, ఎండలో ఆరవేసినను, అది వెలియదు. ఐరోపా అద్దకపువారికి అప్పటికి నూలుగుడ్డపై అటువంటి రంగు నిలుపుట తెలియదు.

ఆ ఎరుపునకు మూలము చిరివేరు. ఇసుకనేలలో పెరుగు చిన్న మొక్క వేరు ఇది. నిజాంపట్టణ ప్రాంతపు చిరివేరు శ్రేష్ఠమని పేరుండెను. అయితే వేరు ఉన్నంతమాత్రమున రంగు పట్టదు. ముందు గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెట్టుదురు. ఎఱ్ఱగా కావలసినచోట పటికనీటితో కలము పెట్టి గీయుదురు. నల్లగా కావలసినచోట బెల్లపునీటిలో తుప్పుపట్టిన ఇనుము నానవేసి తీసిన ద్రవముతో గీయుదురు. పిమ్మట గుడ్డను చిరివేరు కషాయములో కాచినచో పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టును. తక్కినచోట పట్టిన మరకను పేడనీటితోను, ఎండతోను పోగొట్టుదురు. నీలిరంగు కావలసినచో, వలదన్న చోటులను మైనముతో కప్పి, నీలిమందు తొట్టిలో ముంచుదురు.

దీని రసాయన సూత్రమును నేడు తేలికగా చెప్పవచ్చును. చిరివేరులో అలిజరిన్ అను రంగుపదార్థమున్నది. అది ఒంటరిగా నూలును గట్టిగా పట్టుకొనలేదు. పటికలోని అల్యూమినియము ఒకప్రక్క నూలుపోగును, ఒకప్రక్క అలిజరిన్‌ను పట్టుకొని, నీటిలో కరగని ఎఱ్ఱని సమ్మేళనమును ఏర్పరచును. కాల్షియము తోడైనచో ఎరుపు మరింత నిగ్గుతేరును. కరక్కాయలోని వగరు పదార్థము పటికను పోగుపై నిలుపును. పాలలోని కొవ్వు ద్రవము చెదరి ప్రాకకుండ ఆపును. కొన్ని బావుల నీరే అద్దకమునకు తగునని పనివారు చెప్పుట మూఢనమ్మకము కాదు. నీటిలోని లవణములే అందుకు కారణము. వారికి అల్యూమినియము పేరు తెలియదు. కాని దాని ప్రవర్తన క్షుణ్ణముగా తెలియును.

ఈ విద్యను ఐరోపాకు చేర్చినవారు ముఖ్యముగా ముగ్గురు. 1730 ప్రాంతములో బోల్యూ అను ఫ్రెంచి నౌకాధికారి, పారిసులోని విజ్ఞానశాస్త్ర సంఘమునకు చెందిన ద్యూఫే అను రసాయనవేత్త కోరికపై, పుదుచ్చేరిలో అద్దకము జరుగుచుండగా దగ్గర నిలిచి చూచెను. ఒక్కొక్క దశ ముగియగానే గుడ్డలో ఒక ముక్క కత్తిరించి దాచెను. అట్టి పదకొండు ముక్కలు, అతని వ్రాతతోకూడ పారిసులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి.

రెండవవాడు కూర్దూ అను జెసూట్ మతాచార్యుడు. ఇతడు తెలుగు నేర్చినవాడు. సంస్కృతమునకు గ్రీకు, లాటిన్ భాషలతో గల పోలికలను మొదట గమనించినవారిలో ఒకడు. ఇతడు 1742లో వ్రాసిన లేఖలో అద్దకపు పద్ధతినంతయు వరుసగా వివరించెను. ఆ వివరములు తన చేతిమీదుగా క్రైస్తవమును స్వీకరించిన అద్దకపు పనివారిని వేర్వేరుగా అడిగి, వారి సమాధానములను ఒకదానితో ఒకటి సరిపోల్చి సేకరించెను. శాస్త్రపరిశోధకుని పద్ధతి అది. ఆ లేఖ ఫ్రాన్సులో అచ్చుపడినది. మూడవవాడు విలియమ్ రాక్స్‌బరో. సామర్లకోటలో వృక్షశాస్త్ర పరిశోధనలు చేసిన ఈ వైద్యుడు, 1795 నుండి వెలువడిన తన కోరమండల తీరపు మొక్కల గ్రంథములో చిరివేరు మొక్క బొమ్మను, దానితో రంగువేయు విధమును ప్రకటించెను.

ఈ ముగ్గురిలో ఎవరును గోడదూకి దొంగిలించినవారు కారు. అడిగిరి, పనివారు చెప్పిరి. బోల్యూ, కూర్దూ, రాక్స్‌బరోల పేర్లు గ్రంథములలో నిలిచినవి. చెప్పినవారి పేర్లు నిలువలేదు. వారికి ప్రతిఫలమడుగు హక్కును ఏ చట్టమును ఈయలేదు.

అదే కాలములో ఐరోపా రాజ్యములు తమ పరిశ్రమలను కాపాడుకొనుటకు కఠినమైన చట్టములు చేసికొన్నవి. ఫ్రాన్సు 1686 నుండి 1759 వరకు అద్దకపు గుడ్డలను నిషేధించినది. ఇంగ్లండు 1701 నుండి వీటి దిగుమతిని, 1721 శాసనముతో వాడకమునుకూడ కట్టడి చేసినది. ఫ్రాన్సు నిషేధము తొలగిన మరుసటి ఏడే, 1760లో, ఓబర్‌కాంఫ్ అనునతడు వెర్సాయి సమీపమున జూయీ గ్రామములో అద్దకపు కర్మాగారము స్థాపించెను. 1783లో ఇంగ్లండులో థామస్ బెల్ అచ్చురోలర్లకు పేటెంటు పొందెను. మన తీరపు అద్దకము క్షీణించుటకు రహస్యము పొక్కుట ఒక్కటే కారణమనుట సరికాదు; యంత్రములు, సుంకములు, కంపెనీ వ్యాపారనీతి, అన్నియు కలిసినవి. కాని ఒక సంగతి నిశ్చయము. బలవంతునికి చట్టము కోటయైనది. అద్దకపువానికి గుడిసెకు తలుపైనను లేకపోయినది.

కోనసముద్రము చెప్పు రెండవ పాఠము

రహస్యమును దాచినచో మేలు జరిగెడిదా? దీనికి సమాధానము నేటి తెలంగాణములోని నిజామాబాదు ప్రాంతములో దొరకును. అక్కడి కోనసముద్రము గ్రామములో మూసలలో కరగించి తీసిన ఉక్కునకు పారశీక దేశమువరకు ప్రసిద్ధి యుండెను. ఐరోపావారు ఇటువంటి దక్షిణదేశపు ఉక్కును వూట్జ్ అని పిలిచిరి; అది ఉక్కు అను మాటకు వికృతియని పండితుల అభిప్రాయము. హెన్రీ వాయ్సీ అను భూగర్భశాస్త్రవేత్త 1820 ప్రాంతమున కోనసముద్రము వచ్చి చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో బెంగాలు ఏషియాటిక్ సంఘ పత్రికలో అచ్చుపడినది. రెండు వేర్వేరు చోటుల ఇనుమును ఒక పాళ్ళలో కలుపుట, మట్టిమూసలో మూసి తిత్తులతో గంటలకొలది కాచుట, పిమ్మట పలుమార్లు వేడిచేసి మెల్లగా చల్లార్చుట, అన్నియు అందులో ఉన్నవి. ఇస్పహాన్ నుండి వచ్చిన పారశీక వర్తకుడొకడు అప్పుడక్కడ దగ్గరుండి ఉక్కును కొనుచుండెను.

అంతకుముందే ఈ ఉక్కు లండను చేరినది. 1795లో జార్జి పియర్సన్ దీనిని పరీక్షించి రాయల్ సొసైటీలో వ్యాసము చదివెను. తరువాత మైఖేల్ ఫారడే 1819 నుండి కొన్ని సంవత్సరములు స్టోడార్టు అను కత్తుల పనివానితో కలిసి దీనిని అనుకరింప యత్నించెను. అంతటి ప్రయోగనిపుణుడును దీని గుణమునకు కారణము అల్యూమినియమని పొరపడెను. ఈ ఉక్కుతో చేసిన కత్తులపై కనబడు అలల వంటి రేఖలకు కారణమేమో 1998లో గాని స్పష్టముగా చెప్పలేకపోయిరి. వెర్హోవెన్, పెండ్రే మొదలగువారి పరిశోధనలవలన ఖనిజములో అతిస్వల్పముగా నుండు వెనేడియము వంటి మూలకములే ముఖ్యమని తేలినది.

ఇందులో రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, పద్ధతి కంటికి కనబడినను, కాగితమున కెక్కినను, దానినంతయు పట్టుకొన్నట్లు కాదు. ఏ గని ఇనుము, ఏ మట్టి, ఏ రంగు మంట అను నేర్పు చేతిలోనే ఉండును. రెండవది, ఆ చేతులు నిలిచిపోయినచో విద్యయు నిలిచిపోవును. చౌక ఉక్కు దిగుమతియై కొలుములు ఆరిపోగా, కోనసముద్రపు కమ్మరులకు తెలిసినది వారితోనే పోయినది. పొక్కిన రహస్యము పరులపాలైనను ప్రపంచములో ఉండును. ఎవరికిని చెప్పని రహస్యము చివరకు ఎవరికిని మిగులదు.

వ్రాసి ఇచ్చి హక్కు పొందు మార్గము మరొకటి. చిరివేరులోని అలిజరిన్‌నే 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అను రసాయనవేత్తలు తారునుండి తయారుచేసిరి. 1869 జూన్‌లో వారి పక్షమున ఇంగ్లండులో పేటెంటు దరఖాస్తు పడిన మరునాడే పెర్కిన్ దరఖాస్తు పడినది. పద్ధతి అచ్చులో అందరి కంటబడినను హక్కు కనుగొన్నవారిదే. చిరివేరు ఎరుపును శతాబ్దములుగా సాధించినవారికి మాత్రము దాచుట తప్ప మార్గము లేకుండెను. ఒకసారి నోరు విప్పినచో అదియు లేదు.

నేటి చట్టములు

అమెరికా 1996లో ఆర్థిక గూఢచర్యమును నేరముగా ప్రకటించు చట్టము చేసినది. విదేశ ప్రభుత్వమునకు మేలుచేయుటకై వ్యాపార రహస్యము దొంగిలించిన వానికి 15 సంవత్సరములవరకు, ఇతర సందర్భములలో 10 సంవత్సరములవరకు ఖైదు విధింపవచ్చును. మొదటి రకపు నేరమునకు జరిమానా పరిమితిని 2013లో 5 లక్షల డాలర్లనుండి 50 లక్షల డాలర్లకు పెంచిరి.

మన దేశములో కేవలము వ్యాపార రహస్యముల కొరకే చేసిన చట్టమేదియు చిరకాలము లేకుండెను. ఒప్పందముల చట్టము, దొంగతనము, విశ్వాసఘాతము వంటి సాధారణ నేరముల సెక్షనులు, న్యాయస్థానముల తీర్పులు, వీటితోనే పని గడచినది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము, అనుమతిలేక కంప్యూటరునుండి సమాచారమును కుటిలబుద్ధితో తీసికొన్న వానికి మూడేండ్లవరకు ఖైదు, లేక 5 లక్షలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. 2024 మార్చిలో ఇరువదిరెండవ న్యాయసంఘము తన 289వ నివేదికలో వ్యాపార రహస్యములకు ప్రత్యేక చట్టముండవలెనని సిఫారసు చేసి, చిత్తుబిల్లునుకూడ జతచేసినది. విదేశముల పక్షమున జరుగు ఆర్థిక గూఢచర్యమును వేరొక చట్టముతో ఎదుర్కొనవలెనని అభిప్రాయపడినది. ప్రజాహితముకొరకు తప్పును బయటపెట్టిన వానికి మినహాయింపు ఉండవలెననియు సూచించినది.

ఉద్యోగికి సంబంధించినంతవరకు 1967లో సుప్రీముకోర్టు ఇచ్చిన ఒక తీర్పు తెలిసికొనదగినది. సెంచురీ స్పిన్నింగు కంపెనీ టైర్ల దారము చేయు పద్ధతిని హాలెండు కంపెనీనుండి, రహస్యముగా నుంచుదునని మాట ఇచ్చి, పొందినది. అయిదేండ్ల ఒప్పందముపై చేరి శిక్షణపొందిన ఒక పర్యవేక్షకుడు నడుమనే వదలి, హెచ్చు జీతముపై అదే సరుకు చేయు మరొక కంపెనీకి పోయెను. ఒప్పందపు గడువు తీరువరకు అతడు అట్టి పని మరొకచోట చేయరాదని న్యాయస్థానము ఆజ్ఞాపించినది. కాని ఆ నిషేధము గడువువరకే, అట్టి పనికే. ఉద్యోగము ముగిసిన పిదపకూడ తన వృత్తిని చేసికొనకుండ మనిషిని కట్టివేయు ఒప్పందము 1872 సంవత్సరపు ఒప్పందముల చట్టము, 27వ సెక్షను ప్రకారము చెల్లదు. చేతిలోని నేర్పు పనివానిది. బీరువాలోని సూత్రము యజమానిది. ఇదియే మన చట్టములో నున్న గీత.

శిక్ష పెరిగినకొలది జాగ్రత్తయు పెరుగవలెను

గీత చెదరినచో ఏమగునో చెప్పుటకు మన దేశములోనే బాధాకరమైన ఉదాహరణమున్నది. 1994లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను, రాకెట్టు ఇంజను రహస్యములు విదేశీయులకు అమ్మెనను ఆరోపణపై కేరళలో నిర్బంధించిరి. ఆయన అప్పుడు అతిశీతల ద్రవ ఇంధనములతో నడచు క్రయోజెనిక్ ఇంజను కార్యక్రమమునకు బాధ్యుడు. 1996లో కేంద్ర నేరపరిశోధక సంస్థ ఆ ఆరోపణ అసత్యమని తేల్చినది. 2018 సెప్టెంబరులో సుప్రీముకోర్టు ఆయన నిర్బంధము అనవసరమైనదని పలికి 50 లక్షల రూపాయల పరిహారము ఇప్పించినది. నడుమ గడచినవి 24 సంవత్సరములు. స్వదేశీ క్రయోజెనిక్ ఇంజనుతో జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మన శ్రీహరికోటనుండి 2014 జనవరి 5న విజయవంతముగా ఎగిరినది. ఒక శాస్త్రవేత్త జీవితములో పోయిన సంవత్సరములను మాత్రము ఏ ఇంజనును తిరిగి తేలేదు.

కఠినశిక్ష ఉన్నచోట అనుమానమే శిక్షగా మారు ప్రమాదమున్నది. అందుచేత చట్టము మూడు సంగతులు స్పష్టముగా చెప్పవలెను: రహస్యమేది, దానిని తెలిసి బుద్ధిపూర్వకముగా తీసిరా, పనివాని సొంత నేర్పు ఎంతవరకు. ఇవి తేల్చని చట్టములో శిక్ష ఎంత పెంచినను, దొంగకంటె ముందు భయపడునది ఉద్యోగము మారదలచిన సామాన్యుడే.

మరి చెప్పుటకు వెనుదీయని చేతిపనివారి మాట ఏమి? వారి విషయములో ఇటీవల కొంత మేలు జరిగినది. 1999లో చేసి 2003లో అమలుపరచిన భౌగోళిక గుర్తింపుల చట్టము క్రింద పోచంపల్లి ఇక్కత్తు, శ్రీకాళహస్తి కలంకారీ, మచిలీపట్టణపు కలంకారీ, అనంతపురము సీమకు చెందిన ధర్మవరపు పట్టుచీరలు నమోదైనవి. ఆ పేరును మోసముగా వాడినవానికి ఆరునెలలనుండి మూడేండ్లవరకు ఖైదు, 50 వేలనుండి 2 లక్షల రూపాయలవరకు జరిమానా కలవు. ఇందులో దాచవలసినది ఏదియు లేదు. పద్ధతి వ్రాసియే నమోదు చేయుదురు. రక్షణ పేరునకు.

అట్లే 1995లో గాయములకు పసుపు వాడుటపై అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథములు చూపి 1997లో రద్దుచేయించినది. ఆ అనుభవముతోనే 2001లో సంప్రదాయ విజ్ఞానమునకు కంప్యూటరు గ్రంథాలయమును ఏర్పరచిరి. అందరిదియైన విజ్ఞానమును ఒకడు తనదనకుండ ఆపుటకు దాచుటకంటె వ్రాసి యుంచుటయే బలమని అది ఋజువుచేసినది.

గుమ్మఘట్ట విద్యార్థి రేపు ఆ కాగితముపై సంతకము చేయునప్పుడు ఈ చరిత్ర జ్ఞాపకముంచుకొనవలెను. కంపెనీ పటమును, సూత్రమును, పట్టికను ఇంటికి తెచ్చుట, పరులకు పంపుట నమ్మకద్రోహము. అందుకు శిక్ష ఉండుట న్యాయము. కాని పనిచేసి సంపాదించిన నేర్పు అతని సొత్తు. దానితో మరొకచోట బ్రదుకు హక్కు అతనికి కలదు. సంతకము చేయుటకు ముందు కాగితమును చదువుట, ఏ సంగతిని, ఎంతకాలము దాచమనుచున్నారో అడుగుట తప్పు కాదు.

ఉపాధ్యాయులు చేయదగిన పనియు ఒకటి ఉన్నది. తమ ఊరిలో మగ్గము నేయువారు, రంగు వేయువారు, కరవునేలలో విత్తు నిలుపు రైతులు ఉందురు. వారు అంగీకరించినచో, వారికి తెలిసినదానిని విద్యార్థులచేత వ్రాయింపవచ్చును. ఆ వ్రాతలో పద్ధతికంటె ముందు వ్రాయవలసినది చెప్పినవారి పేరు. కూర్దూ లేఖలో లేనిది అదియే.